నెల తప్పకముందే మొదలుపెట్టవలసిన ఫోలిక్ యాసిడ్: ఎప్పుడు, ఎంత, ఎలా

బిడ్డను కనాలనుకునే ప్రతి స్త్రీ గర్భం రావడానికి కనీసం ఒక నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ మాత్ర వేసుకోవాలి. గర్భం వచ్చిన తరువాత పన్నెండు వారాలు పూర్తయ్యే వరకు దానిని మానకూడదు. ఈ మాత్ర చవకైనది, మందుల దుకాణాలలో సులభంగా దొరికేది, ఆరోగ్యవంతులు ఈ మోతాదులో వాడితే ఇబ్బంది పెట్టనిది. అయినా మన ఇళ్లలో అది చేరవలసిన సమయానికి చేరడం లేదు. నెల తప్పి, కిట్‌తో పరీక్ష చేసుకుని, అమ్మకూ అత్తగారికీ చెప్పి, మంచి రోజు చూసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి చాలామందికి రెండో నెల నిండుతుంది. ఆ రోజు చీటీలో రాసే మొదటి మందు ఫోలిక్ యాసిడే. కానీ బిడ్డ మెదడు, వెన్నుపాములలో పుట్టుకతో వచ్చే లోపాలను ఆపడానికి అది ఒంట్లో ఉండవలసిన రోజులు అప్పటికే గడిచిపోయి ఉంటాయి.

మొదటి నాలుగు వారాల్లో ఏం జరుగుతుంది?

పిండం తొలి రోజుల్లో ఒక పలుచని పొరలా ఉంటుంది. దాని వీపు వైపున పొడుగ్గా ఒక పల్లం ఏర్పడుతుంది. పరచిన చాపను రెండు అంచులూ పట్టి ఎత్తి దగ్గరకు చేర్చినట్టు, ఆ పల్లానికి ఇరువైపులా ఉన్న అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి గొట్టంగా మూసుకుంటాయి. దీనిని న్యూరల్ ట్యూబ్ అంటారు. దాని పైభాగం మెదడుగా, కింది భాగం వెన్నుపాముగా ఎదుగుతుంది. ఫలదీకరణ జరిగిన 28 రోజులలోపే ఈ మూసుకోవడం పూర్తి కావాలి. పైకొన తెరచి ఉండిపోతే మెదడులో ఎక్కువ భాగమూ పుర్రె కప్పూ ఏర్పడవు. అనెన్‌సెఫలీ అనే ఈ లోపం ఉన్న బిడ్డ గర్భంలోనే చనిపోవచ్చు, లేదా పుట్టిన కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో కన్నుమూస్తుంది. కింది భాగంలో ఎక్కడైనా మూసుకోకపోతే అది స్పైనా బైఫిడా అవుతుంది. వెన్ను మీద నీటితిత్తి లాంటి ఉబ్బుతో పుట్టే ఈ పిల్లలకు మొదటి రెండు మూడు రోజుల్లోనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఆ తరువాత కూడా చాలామందికి కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి కష్టాలు జీవితాంతం తోడుంటాయి. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్షలు ప్రతి 1000 జననాలలో నాలుగింటికి పైగా ఈ రకమైన లోపాలు ఉంటున్నాయని అంచనా వేశాయి.

గొట్టం మూసుకునే ఆ కొద్ది రోజుల్లో కణాలు అతివేగంగా విభజన చెందుతాయి. విభజన జరిగిన ప్రతిసారీ కొత్త డీఎన్‌ఏ తయారు కావాలి, దాని తయారీకి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. తల్లి శరీరంలో అది చాలినంత లేకపోతే మూసుకోవడం మధ్యలో ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ ఈ విటమిన్‌కే కృత్రిమ రూపం.

ఇప్పుడు తేదీల లెక్క చూద్దాం, ఎందుకంటే పొరపాటంతా అక్కడే జరుగుతోంది. 28 రోజులకు ఒకసారి క్రమంగా నెలసరి వచ్చే ఒక స్త్రీకి జనవరి 1న నెలసరి వచ్చిందనుకుందాం. జనవరి 15 ప్రాంతంలో అండం విడుదలై గర్భం నిలుస్తుంది. నెల తప్పిందని ఆమెకు తెలిసేది జనవరి 29న. న్యూరల్ ట్యూబ్ మూసుకోవడం ఫిబ్రవరి 12 నాటికి ముగుస్తుంది. అంటే ఎంత జాగ్రత్తగా గమనించుకునే స్త్రీకైనా ‘నెల తప్పింది’ అన్న రోజుకూ, ఆ గొట్టం మూసుకునే రోజుకూ మధ్య ఉన్నది రెండే వారాలు. ఆ రెండు వారాల్లో మాత్ర మొదలుపెట్టినా రక్తకణాలలో ఫోలేట్ చాలినంత స్థాయికి చేరడానికి వ్యవధి చాలదు. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున వాడితే ఆ స్థాయి నిండుగా ఏర్పడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అండాశయాలకు సంబంధించిన పీసీఓడీ సమస్య వల్ల నెలసరి ఒకసారి నలభై రోజులకు, మరొకసారి అరవై రోజులకు వచ్చేవారికి నెల తప్పిన సంగతి తెలియడమే ఆలస్యమవుతుంది కాబట్టి వాళ్లకు ముందుజాగ్రత్త మరింత అవసరం.

గ్రహణం రోజు గర్భిణిని గది దాటనివ్వకుండా కాచుకునే ఇళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. బిడ్డ అవకరం లేకుండా పుట్టాలన్న ఆరాటమే దాని వెనుక ఉన్నది. ఆ ఆరాటం గౌరవించదగినదే. అయితే కడుపు కనిపించే నాటికి బిడ్డ మెదడు, వెన్నుపాముల ఆకృతి ఎప్పుడో ఏర్పడిపోయి ఉంటుంది. కాబట్టి ఆ శ్రద్ధనంతటినీ గర్భానికి ముందరి నెలలకు మళ్లించమని నేను కోరుతున్నాను.

ఏ రోజున మొదలుపెట్టాలి?

నా అభిప్రాయంలో కొత్తగా పెళ్లి కాబోతున్న అమ్మాయికి దీనికి సరైన రోజు ముహూర్తం ఖాయమైన రోజే. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య సాధారణంగా ఒకటి రెండు నెలలు ఉంటాయి, అవి చాలా విలువైనవి. పెళ్లయిన తొలి నెలలోనే గర్భం రావడం మన దగ్గర అరుదేమీ కాదు. పిల్లల్ని కొంతకాలం వాయిదా వేసుకోవాలని నిర్ణయించుకుని గర్భనిరోధక పద్ధతి వాడుతున్నవారు, దానిని ఆపాలనుకున్న రోజుకు మూడు నెలల ముందు మాత్ర మొదలుపెట్టాలి. ఏ పద్ధతీ వాడకుండా ‘వచ్చినప్పుడు వస్తుంది’ అనుకునేవారు ఈ రోజు నుంచే వేసుకోవాలి, గర్భం రావడానికి ఏడాది పట్టినా ఆపకూడదు. సంతానం కోసం చికిత్స పొందుతున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ ఇంట్లోవారి సంగతి కూడా చెప్పాలి. కొత్త కోడలు రోజూ ఏదో మాత్ర వేసుకుంటోందంటే ఆమెకు జబ్బేదో ఉందనో, పిల్లలు పుట్టకుండా వేసుకుంటోందనో అనుమానించే ఇళ్లు ఉన్నాయి. ఆ భయంతో మాత్రను దాచుకునేవారు, చివరకు మానేసేవారు కూడా ఉన్నారు. ఈ భారం భర్త తీసుకోవాలి. ఇది రాబోయే బిడ్డ కోసం వేసుకుంటున్న విటమిన్ అని అతనే తన తల్లిదండ్రులకు చెప్పాలి, అయిపోకముందే మాత్రలు తెచ్చిపెట్టాలి. ఆశా కార్యకర్తకు గాని, ఊరి ఏఎన్‌ఎమ్‌కు గాని ఈ విషయం చెప్పి ఇంటికి రమ్మంటే, పెద్దవాళ్లకు నచ్చజెప్పడం తేలికవుతుంది.

దుకాణంలో ఏది అడగాలి, అట్ట మీద ఏం చదవాలి?

ఎక్కువ గందరగోళం మోతాదు దగ్గరే ఉంది. మందుల దుకాణంలో ‘ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి’ అని అడిగితే చాలాచోట్ల చేతికి వచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు కాబట్టి, అది మామూలుగా కావలసిన 400 మైక్రోగ్రాములకు పన్నెండు రెట్లకు పైనే. ప్రత్యేకమైన ముప్పు ఏదీ లేని స్త్రీ ‘400 మైక్రోగ్రాములు’ లేదా ‘0.4 మిల్లీగ్రాములు’ అని రాసి ఉన్న మాత్రను స్పష్టంగా అడిగి తీసుకోవాలి. ఒక దుకాణంలో లేకపోతే తెప్పించమని చెప్పాలి, లేదా మరో దుకాణం చూడాలి. డాక్టరు 5 మిల్లీగ్రాములు రాసి ఉంటే కంగారు పడి మానేయవద్దు. ‘నాకు ఇంత మోతాదు ఎందుకు కావాలండీ?’ అని అడగండి. అలా అడగడానికి రోగికి పూర్తి హక్కు ఉంది.

అవసరం లేకుండా ఎక్కువ మోతాదు ఎందుకు వద్దంటే, దానికి ముఖ్యమైన కారణం బి12 అనే మరో విటమిన్. బి12 లోపించినప్పుడు రక్తహీనత వస్తుంది, నరాలు కూడా దెబ్బతింటాయి. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది గాని నరాలకు జరిగే నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు ముట్టనివారిలో, పాలు పెరుగు తక్కువగా తీసుకునేవారిలో బి12 లోపం ఎక్కువ. పైగా తల్లిలో బి12 తక్కువగా ఉండడం కూడా న్యూరల్ ట్యూబ్ లోపాల ముప్పును పెంచుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. అందువల్ల శాకాహారులైన స్త్రీలు గర్భానికి ముందే ఒకసారి రక్తంలో బి12 పరీక్ష చేయించుకుని, తక్కువగా ఉంటే డాక్టరు సలహాతో రెండింటినీ కలిపి వాడడం మంచిది.

ఈ మధ్య ‘ఎల్-మిథైల్ ఫోలేట్’ పేరుతో ఫోలేట్‌కే మరో రూపమైన ఖరీదైన మాత్రలు కూడా అమ్ముతున్నారు. న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని పెద్ద ప్రయోగాలలో రుజువైనది మామూలు ఫోలిక్ యాసిడే. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన రక్షణ ఎక్కువ కాదు.

మాత్రను రోజులో ఎప్పుడైనా, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. మరచిపోకుండా ఉండడానికి పళ్లు తోముకోవడమో, రాత్రి భోజనమో, రోజూ తప్పకుండా చేసే ఒక పనికి దానిని జోడించుకోవాలి. ఒక రోజు మరచిపోతే మరుసటి రోజు మామూలుగా ఒకటే వేసుకోవాలి, రెండు కాదు. వేవిళ్లు మొదలయ్యాక ఉదయం కడుపులో ఏదీ నిలవకపోతే, వాంతులు తగ్గిన సమయం చూసి, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. ఐరన్ మాత్రతో కడుపు తిప్పడం సాధారణం గాని, ఫోలిక్ యాసిడ్ ఒక్కదానితో అలా జరగడం అరుదు.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్ర సరిపోతుందా?

ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. అది రక్తహీనతకు ఉద్దేశించినది, ఆ పనికి అవసరమైనది. కాని వారానికి 500 అంటే రోజుకు 70 మైక్రోగ్రాముల చిల్లరే కాబట్టి ఇక్కడ మనం మాట్లాడుకుంటున్న రక్షణకు అది చాలదు. అదే కార్యక్రమపు మార్గదర్శకాలు గర్భానికి ముందు, మొదటి మూడు నెలల్లో రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ విడిగా వేసుకోవాలని చెబుతున్నాయి. గ్రామాల్లో ఉన్నవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్లినప్పుడు ఈ విడి మాత్రను పేరు పెట్టి అడగాలి.

ఎక్కువ మోతాదు ఎవరికి అవసరం?

ఇంతకుముందు న్యూరల్ ట్యూబ్ లోపంతో గర్భం పోయినవారికి, అలాంటి బిడ్డ పుట్టినవారికి, భార్యాభర్తలలో ఎవరికైనా ఆ లోపం ఉన్నవారికి 400 మైక్రోగ్రాములు సరిపోవు. వాళ్లకు రోజుకు 4 లేదా 5 మిల్లీగ్రాములు కావాలి. దీనికి చాలా గట్టి ఆధారం ఉంది. బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాలలోని 33 కేంద్రాలలో, అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలపై జరిపిన ప్రయోగం ఫలితాలు 1991లో వెలువడ్డాయి. రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవారిలో లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. ఆ మరుసటి ఏడాది హంగరీ నుంచి వచ్చిన ప్రయోగ ఫలితాలు, ఇంతకుముందు ఏ ఇబ్బందీ లేని స్త్రీలలో కూడా ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలు మొదటిసారి వచ్చే లోపాలను ఆపగలవని చూపాయి. 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఒక్కటే చాలునని 1999లో ప్రచురితమైన చైనా అధ్యయనం తేల్చింది.

మూర్ఛకు మందులు వాడుతున్నవారు, గర్భానికి ముందే షుగర్ ఉన్నవారు, బరువు బాగా ఎక్కువ ఉన్నవారు (ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎమ్‌ఐ 30 దాటినవారు), తలసీమియా లేదా సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బులు ఉన్నవారు, తిన్నది ఒంటబట్టని పేగు జబ్బులు ఉన్నవారు తమ మోతాదును డాక్టరుతో నిర్ణయించుకోవాలి. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలలో సికిల్ సెల్ కనిపిస్తుంది కాబట్టి అక్కడి వధూవరులు పెళ్లికి ముందే ఆ పరీక్ష చేయించుకుంటే ఈ నిర్ణయం కూడా తేలికవుతుంది. ఎక్కువ మోతాదు కావలసి వచ్చినప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్రనే పెద్దది తీసుకోవాలి. మల్టీవిటమిన్ మాత్రలను రెండు మూడు కలిపి మింగితే విటమిన్ ఏ కూడా అంతే పెరిగి పిండానికి హాని చేయగలదు.

మందుల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ తీసుకుంటున్న తల్లులకు పుట్టే పిల్లల్లో నూటికి ఒకరిద్దరికి స్పైనా బైఫిడా రావచ్చు. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నంత మాత్రాన ఆ ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టును కలిసి మందు మార్చుకునే వీలుందేమో అడగాలి. ఎట్టి పరిస్థితిలోనూ సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇంకా ప్రమాదకరమైనది. అది ఫోలేట్ పనిని నేరుగా అడ్డుకునే మందు. దానితో పాటు వారానికి ఒకసారి ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం చూసి, గర్భానికి రక్షణ ఉందని కొందరు పొరబడతారు. ఆ మాత్ర తల్లికి దుష్ప్రభావాలు తగ్గడానికే గాని బిడ్డకు రక్షణ కాదు. గర్భానికి ఎన్ని నెలల ముందు మెథోట్రెక్సేట్ ఆపాలో డాక్టరు చెబుతారు, అప్పటివరకు గర్భనిరోధకం తప్పనిసరి. షుగర్ ఉన్నవారు, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీని వీలైతే 6.5 శాతం లోపుకు తెచ్చుకున్నాకే గర్భానికి సిద్ధపడాలి.

ఫోలిక్ యాసిడ్ చరిత్రలో మనవాడి చెయ్యి ఉందని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1930 ప్రాంతంలో బొంబాయిలోని గర్భిణులైన మిల్లు కార్మికులలో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ గుర్తించారు. ఆ గుణానికి కారణం ఈ విటమినేనని తరువాత తెలిసింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధక బృందం 1940ల మధ్యలో దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నదమ్ములిద్దరిని బలిగొన్న స్ప్రూ అనే పేగు జబ్బుకు ఇదే మందయింది. మెథోట్రెక్సేట్‌కు దారితీసిన ఫోలేట్ వ్యతిరేక మందులు కూడా ఆయన బృందం కృషి నుంచే వచ్చాయి.

కూరలు, పప్పులు, ఫోర్టిఫైడ్ బియ్యం

పాలకూర, తోటకూర, మెంతికూర, శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగలు, గుడ్లు, బత్తాయి, కమలా పళ్లలో ఫోలేట్ బాగా ఉంటుంది. ఇది నీటిలో కరిగిపోయేది, వేడికి తగ్గిపోయేది కాబట్టి ఆకుకూరను తరగకముందే కడగాలి, తక్కువ నీటితో మూతపెట్టి ఉడికించాలి, ఉడికిన నీటిని పారబోయకుండా పప్పులోనో చారులోనో కలపాలి. ఇవన్నీ చేసినా మాత్రకు తిండి ప్రత్యామ్నాయం కాదు. తిండిలోని ఫోలేట్ శరీరానికి అందే తీరు మాత్రలోని ఫోలిక్ యాసిడ్ కంటే తక్కువ, అది రోజుకు ఒకలా ఉంటుంది కూడా. ఫోలేట్ కోసమని కాలేయం ఎక్కువగా తినడం గర్భిణులకు మంచిది కాదు, అందులో విటమిన్ ఏ మరీ అధికం.

విటమిన్లు, ఐరన్ కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యం తింటున్నాం కదా అని కొందరు అడుగుతారు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా అందేది 30 మైక్రోగ్రాముల చుట్టుపక్కలే. అమెరికాలో 1998 నుంచి ‘ఎన్‌రిచ్డ్’ అని రాసే పిండి వంటి ధాన్య ఉత్పత్తులలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల చొప్పున తప్పనిసరిగా కలుపుతున్నారు, ఆ తరువాత అక్కడ ఈ లోపాలు తగ్గాయి. అయితే అక్కడ ఉంటున్న మన కుటుంబాలు ఇండియన్ స్టోర్ల నుంచి తెచ్చుకునే సోనామసూరిలో, గోధుమపిండిలో ఆ కలిపిన విటమిన్ ఉండకపోవచ్చు. సంచి మీద లేబుల్ చూసుకోవాలి, ఎలాగూ మాత్ర మానకూడదు.

మాత్ర వేసుకోకుండానే గర్భం వస్తే

తెలిసిన రోజే మొదలుపెట్టండి. భయపడి, తమను తాము నిందించుకుని నిద్ర పోగొట్టుకోవలసిన పని లేదు. మాత్ర వేసుకోని తల్లులలో కూడా అత్యధికులకు ఆరోగ్యవంతమైన పిల్లలే పుడతారు. మాత్ర వేసుకున్నవారిలో కూడా కొన్ని లోపాలు రావచ్చు, ఎందుకంటే అన్నింటికీ ఫోలేట్ కొరతే కారణం కాదు. డౌన్ సిండ్రోమ్‌ను గాని, మేనరికం వల్ల అవకాశం పెరిగే జన్యు వ్యాధులను గాని ఈ మాత్ర ఆపలేదు. రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్నవారు దీనితో పాటు జన్యు నిపుణుల సలహా కూడా విడిగా తీసుకోవాలి. తొలి వారాల్లో జ్వరం తీవ్రంగా వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు సలహాతో తగ్గించుకోవాలి.

స్కాన్లు మాత్రం వాయిదా వేయవద్దు. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్‌లో అనెన్‌సెఫలీ సాధారణంగా బయటపడుతుంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో వెన్నెముకను పూస పూసగా చూస్తారు. ఏడో నెలలో చేయించుకుంటే, తెలిసినా నిర్ణయం తీసుకునే వ్యవధి ఉండదు. తీవ్రమైన లోపం ఉన్నట్లు తేలితే ముందుగా పిల్లల న్యూరోసర్జన్‌తో మాట్లాడాలి. గర్భం కొనసాగించదలచుకోకపోతే, 2021లో సవరించిన గర్భవిరమణ చట్టం ప్రకారం 24 వారాల తరువాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో విరమించుకునే వీలుంది.

పదమూడో వారం నుంచి

పన్నెండు వారాలు పూర్తయ్యాక న్యూరల్ ట్యూబ్ కోసం వేసుకున్న మాత్ర పని ముగుస్తుంది. అయితే కణాల పెరుగుదలకూ, తల్లి రక్తానికీ ఫోలేట్ అవసరం తీరదు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలని ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. అంతవరకు 5 మిల్లీగ్రాములు వాడినవారు ఈ దశలో మోతాదు మార్పు గురించి డాక్టరును అడగాలి. రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు, మొదటి బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడు కదా అని ఊరుకోకుండా, కాపర్-టీ తీయించుకోవడానికి మూడు నెలల ముందు 400 మైక్రోగ్రాముల మాత్రను మళ్లీ మొదలుపెట్టాలి.